తొమ్మిదో రౌండు

నరసాపురం రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీలో
రాత్రి డ్యూటీ నాది.
గంటకోసారి అమ్మోనియా గేజి చూడాలి,
మిగతాదంతా నా సొంత పని:
నేను పుట్టకముందే ముగిసిపోయిన కొట్లాటలకి
మార్కులు వేస్తుంటాను.

వ్యాఖ్యానం వినను. సౌండు తీసేస్తాను.
జనం ఎటు అరిస్తే అటు ఒరుగుతుంది చెయ్యి.
కంప్రెసరు హోరే నాకు జనం.
గళ్ళ నోటుబుక్కు, రెండు నిలువు గీతలు,
గెలిచినవాడికి పది, రెండోవాడికి తొమ్మిది,
నేల కరిస్తే ఎనిమిది.
మధ్యలో వచ్చే ఆ ఒక్క నిమిషం
స్టూలు మీద కూలబడ్డవాడి మొహాన
ఎవరో స్పాంజి పిండుతుంటే
నేనూ గ్లాసెడు నీళ్ళు తాగుతాను.

నాకీ పిచ్చి అంటించినవాడు పెనుమాల ఏసుపాదం.
డబ్బాల్లోంచి ఐసు దిమ్మలు లాగే మనిషి.
కాకినాడలో ఓ ఓడ వంటవాడి దగ్గర
మూడు కట్టల ఎండు చేపలిచ్చి తెచ్చిన క్యాసెట్టు,
ఆఫీసు గదిలో ఓనరు టీవీ,
పదిహేను రౌండ్లు, నలుపూ తెలుపూ.
వాళ్ళ పేర్లు మాకు నోరు తిరగలేదు.
నల్ల నిక్కరు, తెల్ల నిక్కరు అనేవాళ్ళం.

నేను పుస్తకంలో రాసేవాణ్ణి.
అతను మేకుతో ఐసు దిమ్మ మీద గీసేవాడు.
తెల్లారేసరికి అతని తీర్పు
క్రషర్లో పొడై, బోట్లకెక్కి,
ఇంకా వలలో పడని చేపల కోసం
సముద్రానికి పోయేది.

పద్నాలుగు రౌండ్ల మీద మాకు పేచీ లేదు, చెరో ఏడు.
తొమ్మిదో రౌండే.
నల్ల నిక్కరు మూడు నిమిషాలూ మీద మీద పడతాడు.
తెల్ల నిక్కరు వెనక్కి, ఇంకా వెనక్కి,
తాళ్ళు వీపుకి తగిలేదాకా.
"పారిపోతున్నాడు కదా" అన్నాను. నల్ల నిక్కరుకి పది.
నూట నలభై మూడు, నూట నలభై రెండు.
"తగిలినియ్యెన్నండి? లెక్కెట్టండి.
గాలికి మార్కులేత్తారా ఏంటి?"
అతని ఐసు మీద అవే అంకెలు, తిరగేసి.

ఒకసారి కూతురి ఓణీల ఫంక్షనుకి
వాళ్ళ లంకకి తీసుకెళ్ళాడు.
ఇల్లేదంటే ముందు ఏట్లోకి చూపించాడు.
"ఆ కొబ్బరి మొండెం కాడ మా తాత కట్టింది.
దానికివతల సుడి ఉంది సూడండి, అది నాన్నది.
మూడోది ఇదిగో."
మూడోదాని వాకిట్లో కూర్చుని కోడి పలావు తిన్నాం.
గట్టు తెగినచోట మట్టి ఇంకా పచ్చిగా ఉంది.
ఆ రోజు నాకు బాక్సింగు గుర్తు రాలేదు.

కొత్త మిషను వచ్చి డబ్బాలు సగం తీసేశారు.
ఏసుపాదం మొగల్తూరు వైపు
రొయ్యల చెరువు కాపలాకి పోయాడు.

ఈ రాత్రి మళ్ళీ పెట్టాను,
నలభయ్యోసారో, ఎన్నోసారో.
ఫోనులో ఇప్పుడు రింగు అరచేతిలో ఇముడుతుంది.
ఈసారి చేతుల్ని చూడలేదు.
తెల్ల నిక్కరు కాళ్ళు చూశాను.
మడమ ముందు నేలని అడిగి
ఆ తర్వాతే ఆనుతోంది.
యాభై విసిరితే తగిలినవి తొమ్మిది.
తాళ్ళ దగ్గర
(ఇన్నేళ్ళూ సరిగ్గా అక్కడే నేను గేజి చూడ్డానికి లేచేవాణ్ణేమో)
పక్కకి ఒక్క అడుగు,
అద్దం తుడిచినంత తేలిగ్గా ఎడమ చెయ్యి.
నల్ల నిక్కరు తల వెనక్కి విరిగింది.

పాత పుస్తకంలో ఆ పేజీ తీశాను.
పెన్ను మూత కూడా తీశాను.
ఇరవై రెండేళ్ళ అంకె.
కొట్టెయ్యలేకపోయాను.

మూడున్నరకి దిమ్మలు బయటికొస్తుంటే
గోడకున్న మేకు పీకి ఒకదాని మీద గీశాను:
తొమ్మిది. తెల్ల నిక్కరు. పది.
బోటు కుర్రాడు తొంగి చూసి
"ఏంటండీ ఇది, బాకీయా?" అన్నాడు.
"ఆయ్" అన్నాను.
క్రషరు నోట్లోకి తోసేశాడు.