కిక్ డ్రమ్ములో బుడమేరు

చర్చి గోడకి మూడుసార్లు రంగు వేసినా
గుండె ఎత్తున ఆ గీత పోలేదు.
సింగ్‌నగర్లో ఏ గోడనడిగినా చెబుతుంది
నీళ్ళు ఎందాకా వచ్చి ఆగాయో.

ఆ గీత కిందే మా డ్రమ్ములు.
హనోకన్న రాక్ ఒపెరా రాశాడు,
ఆదాము నుంచి యోనా దాకా రెండు గంటలు,
మాటల్లేవు, అంతా పాటే.
"అంటే పద్యనాటకమే కదరా,
హార్మోనియం బదులు కరెంటు" అన్నాడు యెహోషువ తాత.
ఆర్టీసీలో ముప్పయ్యేళ్ళు కండక్టరు.
టికెట్ టికెట్ అని అరిచిన గొంతు
ఇప్పటికీ ఆఖరి సీటు దాకా పోతుంది.
నోవహు వేషం ఆయనకే ఇచ్చారు.
గిటారు ఆగినా ఆయన రాగం ఆగదు,
రిహార్సల్లో ఎవరో వేళాకోళానికి వన్స్‌మోర్ అంటే
నిజంగానే మళ్ళీ ఎత్తుకున్నాడు.
బాసు వాయించే ప్రభుకిరణ్
తాత ఊపిరి తీసుకునేదాకా
ఒకే తీగ మీద నిలబడి ఉంటాడు,
రాని బస్సు కోసం నిలబడ్డట్టు.

నాకిచ్చింది బయటివాళ్ళని.
ఓడ తలుపు మూసుకున్నాక
బయట మిగిలినవాళ్ళు కొట్టే చప్పుడు
నా కుడికాలు.
ముమ్మారు కొట్టాలి, ఆగాలి.
తర్వాత నీలం లైటు, పొగ,
కీబోర్డు మీద నలభై రోజుల వాన.
కాగితం మీద హనోకన్న ఎర్ర పెన్నుతో రాశాడు:
ఇక్కడ నిశ్శబ్దం.
తలుపు మూసింది దేవుడేనట, మనం తియ్యకూడదట.

తొమ్మిది రోజులు నీళ్ళలో నానిన డ్రమ్ము అది.
కడిగాం, మేడ మీద ఎండబెట్టాం, తోలు మార్చాం.
అయినా గట్టిగా తొక్కితే
రిమ్ము సందుల్లోంచి సన్నగా మట్టి రాలుతుంది.

ఒక సంగతి హనోకన్నకి చెప్పలేదు.
ఆ ఆదివారం రాత్రి మా రెండో అంతస్తులో
పదిహేడు మందిమి, ఒక మేక, ఒక గ్యాసు బండ.
చచ్చిపోయిన ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం.
ఎవరో తలుపు కొట్టారు.
అమ్మ నా వైపు చూసింది.
నేను మేక వైపు చూశాను.
మళ్ళీ కొట్టారు.
చోటు లేదని ఎవరూ అనలేదు.
ఎవరూ ఏమీ అనలేదు.
ముమ్మారయ్యాక ఆగింది.

తెల్లారాక తెలిసింది, కింది వాటా తబితక్క అని,
చంకలో పిల్లాడితో పక్క మేడ మీదికి ఎలాగో పాకిందని.
ఇప్పటికీ కరివేపాకు అడిగితే రెండు రెబ్బలు ఎక్కువే ఇస్తుంది.
ఆ మాట మాత్రం ఎత్తదు.

ఆట రోజు మూడో వరసలో కూర్చుంది.
ఒళ్ళో పిల్లాడు, వాడి చెవుల్లో దూది.

ఓడ తలుపు పడింది.
ఒకటి.
రెండు.
మూడు.
ఆపుదామనే అనుకున్నాను.
కాలు ఆగలేదు.
నాలుగు, ఐదు, ఇక లెక్క లేదు.
నీలం వెయ్యాలో వద్దో తెలీక
లైటబ్బాయి ట్యూబ్‌లైట్లన్నీ వేసేశాడు.
"అది వాక్యంలో లేదు!"
తెర పక్క నుంచి హనోకన్న గొంతు కోసుకుంటున్నట్టు చెయ్యి ఊపాడు.
అప్పుడు వెనక బెంచీ మీంచి ఒక ముసలావిడ లేచి
"తలుపు తియ్యవయ్యా కండక్టరూ,
జనం తడిసిపోతన్నారు!"

అందరూ నవ్వారు.
నవ్వు సగంలో ఎందుకో ఆగిపోయింది.

లోపల తాత తలుపు లాగుతున్నాడు.
వడ్రంగి మేకులు కొట్టేశాడు, అది రాదు.
లాగడం, రొప్పడం అన్నీ మైకులో వినబడ్డాయి.
తర్వాత, ఏ రాగమూ లేకుండా,
"జరగండమ్మా, లోపలికి జరగండి,
వెనకాల చోటుంది, జరగండి."

మూడో వరస వైపు నేను చూడలేదు.
కిందికి చూసుకున్నాను.
చెప్పు మీద పసుపురంగు మట్టి, చిటికెడు.
తుడవలేదు.
యోనా రావడానికి ఇంకా రెండు నిమిషాలుంది.