అమ్ముడుపోని తేదీలు

పొద్దున రియల్ అనాలిసిస్.
భువనేశ్వరి మేడం బోర్డు మీద ఒక ఎప్సిలాన్ వేసి
"ఇదెంత చిన్నదైనా సరే" అంటారు,
చిన్నది కావడమే దాని ఉద్యోగమన్నట్టు.
మధ్యాహ్నం రెండింటికి పక్క బిల్డింగు, ఏసీ గది.
అక్కడ ఏదీ చిన్నగా ఉండకూడదు,
మార్కెట్టు, వాటా, చివరికి మా గొంతులు కూడా.
మధ్యలో నలభై ఒక్క మెట్లు, ఒక టీ కొట్టు.

పెళ్ళి పంక్తిలో అందరి ముందూ అడిగింది మా పెద్దమ్మ:
లెక్కలో వ్యాపారమో ఏదో ఒకటి తేల్చుకోవే తాయారూ,
రెండు పడవల మీద కాళ్ళెందుకు?
రెండూ ఒకే వేగంతో పోతే ఏం కాదు పెద్దమ్మా, అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
సాంబారు వచ్చింది.

అయిదున్నరకు ఆండర్సన్ వీధి.
చెంగల్వరాయుడు గారి కాయితాల కొట్లో పద్దులు రాస్తాను.
గుమ్మం బయట అరవం, లోపల తెలుగు,
అంకె దగ్గరికొచ్చేసరికి ఆయనకు గుమ్మం కనబడదు.
"రెండాయిరం" అనేసి
"అదే, రెండు వేలు" అంటారు నా మొహం చూసి.

రెండు వేలు.
ఏటా డిసెంబర్లో ఆయన తెప్పించే దినసరి కాలెండర్లు.
వానలో తడవకుండా నీలం టార్పాలిన్ కప్పుకుని
శివకాశి నుంచి లారీలో వస్తాయి.
జనవరి పది దాటిందా, అడిగే నాథుడుండడు.
తారీఖంత తొందరగా వాడిపోయే సరుకు లేదు,
కోయంబేడులో మల్లెపూలు నయం.

ఇదే మాట క్లాసులో వేరే పేరుతో చెప్పారు.
ఒక్కటి మిగిలితే ముప్పై అయిదు నష్టం,
ఒక్కటి చాలకపోతే ముప్పై రాకుండా పోయినట్టు,
పదమూడింట ఆరో వంతు దగ్గర గీత గియ్యమన్నారు.
పన్నెండేళ్ళ ఎర్ర చిట్టాలు దులిపి,
తుఫాను వచ్చిన ఏడాదిని ఏం చెయ్యాలో తెలియక
ఒక రాత్రంతా దానితో కూర్చుని,
గీశాను.
పద్దెనిమిది వందల ముప్పై రెండు.

కాయితం తీసుకెళ్ళి చూపించాను.
ఆ పై నూట అరవై ఎనిమిదీ ఎందుకండీ, అన్నాను.
నాకు తెలుసు, ఇప్పుడేదో చెప్తారు:
తండ్రి మాట, వట్టి చేతులతో వెనక్కి పోయిన గిరాకీ,
సూత్రంలో పట్టని ఏదో ఒకటి.
పెన్ను కూడా తీసి పెట్టుకున్నాను.
ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి
"ప్రెస్సువాడు రెండు వేలకి తక్కువైతే వెయ్యడమ్మా" అన్నారు.
అంతే.
అసైన్‌మెంటులో రెండు మార్కులు పోయాయి,
నిబంధన ముందే రాయనందుకు.

ఆ ఏడు అమ్ముడైనవి పద్దెనిమిది వందల నలభై.
నా మాట వింటే ఎనిమిది మంది తిరిగి వెళ్ళేవాళ్ళు.
అయినా సూత్రం తప్పు కాదు. ఆ సంగతి
పెద్దమ్మకు చెప్పడం ఎలాగో ఇంకా తేలలేదు.

మిగిలిన నూట అరవై నాకిచ్చారు, రఫ్ వర్కుకి.
మంచం కింద యాభై ఎనిమిది వేల నాలుగు వందల రోజులు,
ఎవరూ కొననివి, ఎవరూ చింపనివి,
ఒకే మంగళవారం నూట అరవై సార్లు.
ముందు వైపు రాహుకాలం, యమగండం,
వెనక వైపు
మేడం గారి ఎప్సిలాన్‌కి సరిపడా తెలుపు.

రాత్రి ఏప్రిల్ పదిహేడు వెనక
"ప్రతి" అని మొదలుపెట్టి
పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై దాటి
ఇరవై మూడు వెనక ఇరుక్కున్నాను.
తిప్పి చూస్తే శుభముహూర్తం.
పై అంతస్తులో ఎవరిదో మోటారు ఆగింది.
తప్పు మొదటి కాయితంలోనే ఉంది,
డెల్టాని ముందే తెలిసినదాన్లా వాడుకున్నాను.

మళ్ళీ ఏప్రిల్ పదిహేడు చింపాను.
ఇంకా నూట యాభై ఎనిమిది ఉన్నాయి.