కొంగలు వెళ్ళేదాకా

స్తంభం మీద కొంగ గుడ్లు పెట్టింది.
అంచేత నా ఫోను పలకదు.

కట్టుకథ కాదు, కంపెనీ కాగితం మీద రాసిచ్చిన కారణం:
పిల్లలు ఎగిరిపోయేదాకా గూడు కదపరాదు,
గూడు కదపకుండా తీగ మార్చలేము,
మీ సహనానికి కృతజ్ఞతలు.

నాకు సహనం ఉందని వాళ్ళకెవరు చెప్పారో.

ఓలులో వాతావరణ కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు చేశాను.
సముద్రం గడ్డకట్టిన రాత్రుల్లో కూడా
నా మాట మధ్యలో తెగి ఎరగదు.
ఇక్కడ, అలెంతెజులో,
ఎండ ఉంది, ఆలివ్ చెట్లున్నాయి,
చౌకగా దొరికిన రాతి ఇల్లుంది.
మాట మాత్రం అరువు తెచ్చుకోవాలి.

బుధవారం రాత్రి ఎనిమిదికి ఉర్హో ఫోన్ చేస్తాడు.
మేం విడిపోయి పదకొండేళ్ళు.
ఇల్లూ పడవా పంచుకున్నాం,
చదరంగం బల్ల మాత్రం ఎలా కొయ్యాలో తెలీలేదు.
"గుర్రాన్ని తీసి..." అంటాడు.
అంతే.
గుర్రం ఏ గడిలో దిగిందో
ఆ కొంగకే తెలియాలి.

బస్సెక్కి పట్నం వెళ్ళాను.
చీటీ తీసుకుని, నూట నలభై రెండు పిలిచేదాకా కూచుని,
వచ్చీరాని పోర్చుగీసులో మొరపెట్టుకుంటే
అద్దం వెనక పిల్ల తల ఎత్తకుండా అడిగింది:
"ఇంటర్నెట్‌లో ఫిర్యాదు పెట్టారా?"

ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోడానికి, సరే,
ఆ రాయి కూడా ఇంటి నుంచి మనమే మోసుకురావాలట.

పక్కింటి డియోలిండా అంతా విని నవ్వలేదు.
మర్నాడు తన కోళ్ళగూటి కప్పు చూపించింది.
"ఆ మూల నిలబడు. సముద్రం వైపు కాదు, స్పెయిన్ వైపు తిరుగు.
మా తమ్ముడి పెళ్ళి కుదిరింది అక్కణ్ణుంచే."

ఒక గీత వెలిగింది. ఒకే ఒక్కటి.
అరవై ఏడేళ్ళ మోకాళ్ళతో నిచ్చెనెక్కి,
కింద కోళ్ళు సణుగుతుంటే
ఫిన్నిష్‌లో అరిచాను:
"మంత్రి! డి నాలుగు! ఐదు కాదు, నాలుగు!"

మూడో వారానికి
వీధిలో పిల్లలు నాలుగుని "నెల్యా" అంటున్నారు.
మంగలి ఫిర్మీను తన కొట్లో బల్ల మీద
నా ఆటే పేర్చుకున్నాడు,
జుట్టు కత్తిరించడం ఆపి మరీ నిలదీశాడు:
"ఆ శకటుని ఊరికే ఎందుకు చంపుకున్నావు?"
రొట్టెలమ్మాయి కూడా నిట్టూర్చింది.
నాలుగేళ్ళలో ఈ ఊరు నాతో ఇంత మాట్లాడలేదు.
అయినా కంపెనీని తిట్టడం మానలేదు.
తిట్టు తిట్టే.

జూలై ఆఖర్న గూడు ఖాళీ అయింది.
వాల్డెమిరు అనే కుర్రాడు వచ్చాడు,
ఈల వేస్తూ పావుగంటలో తీగ లాగేశాడు.
ఐదు నెలలు. పావుగంట.
కాఫీ ఇచ్చాను, చక్కెర వెయ్యలేదు.

ఆ బుధవారం వంటింట్లోనే కూచున్నాను.
ఉర్హో గొంతు పక్క కుర్చీలోంచి వచ్చినట్టుంది.
కప్పులో చెంచా తిరగడం వినిపించింది,
మా పాత గడియారం వినిపించింది,
దాన్నింకా ఉంచుకున్నాడని నాకు తెలీదు.

"నీ ఎత్తు," అన్నాను.
జవాబు లేదు.
"లైను పోయిందా?"
"లేదు. ఆలోచిస్తున్నా."
కాసేపాగి,
"ఆట గురించి కాదు," అన్నాడు.

ఇన్నాళ్ళూ ఇలాంటి చోటే కదా తెగిపోయేది,
నేను కొంగను తిట్టుకుంటూ నిచ్చెన దిగేదాన్ని.
కిటికీలోంచి స్తంభం కేసి చూశాను.
పుల్లలు, ఈకలు. నెపం వెయ్యడానికి ఎవరూ లేరు.
ఈ నిశ్శబ్దానికి ఫిర్యాదు నంబరు ఇవ్వరు.

గడియారం నడుస్తోంది, అక్కడ.
వీధిలోంచి ఫిర్మీను అద్దం తట్టి
ఎవరి ఎత్తని వేళ్ళతో సైగ చేశాడు.
తెలీదన్నట్టు తలూపాను,
ఫోను చెవి నుంచి తియ్యకుండానే.