తేమ కోత

పొద్దుగాల ఐదింటికి ఎనుమాముల యార్డుల
నేను అడ్తి గుమాస్తాను.
పది దాటినంక ములుగు రోడ్డు కాలేజీల
గంటల లెక్కన కెమిస్ట్రీ సారును.
రెండు పనులకూ ఒక్కటే పెన్ను.

ఇయ్యాల నా ముందర ఆగిన ట్రాలీ మీద
రెండో బెంచీల కూసుండే ఓదెలు.
పక్కన వాళ్ళమ్మ కొమురమ్మ,
పత్తికాయలు గీరిన వేళ్ళకు పసుపు రాసుకొని.

కొనేటాయన మీటరు సూదులు గుచ్చిండు.
పదహారు.
"రాయి సారూ" అన్నడు.

ఓదెలు నా దిక్కు చూసిండు.
ఆ చూపు నాకు ఎరుకే,
జవాబు తెలిసి చెయ్యెత్తని పిల్లల చూపు.

పాఠం నేనే చెప్పిన.
హైడ్రోజన్‌కు ఉన్నది ఒక్క ఎలక్ట్రాన్,
చలికాలంల ఒక్కటే దుప్పటి లెక్క.
ఆక్సిజన్ పక్కన పండుకుంటే
సగానికి మించి అదే గుంజుకుంటది.
వణికే ఆ వీపు
పక్కింటి ఆక్సిజన్ దగ్గర
వాడక మిగిలిన జంట దిక్కు ఒరుగుతది.
"కట్టుకున్నది కాదు, ఒరిగింది. రాసుకోండి" అన్న.

"క్లోరిన్‌కు గూడ ఆశ తక్కువ కాదు కద సార్,
దానికెందుకు లేదు?"
అడిగింది ఓదెలే.
ఆశ ఒక్కటే సాలదురా, ఒళ్ళు చిన్నగుండాలె.
పెద్దింట్ల ఒక్క దీపం పెడితే
ఏ మూలకూ సాలదు.
నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్,
ఇరుకు ఇండ్లు, గట్టి పిడికిళ్ళు.
గా మూడే.

పత్తి సంగతి మాత్రం చెప్పలే.
సిలబస్‌ల లేదు.
పోగు పొడుగూతా ఆక్సిజన్లూ హైడ్రోజన్లూ
చేతులు బయటికి చాపుకొని ఉంటయని,
మార్గశిరం మంచు దారెంట పోతుంటే
ఆపి కూసోబెట్టుకుంటయని.

సూది లెక్కవెట్టింది ఆ పట్టునే.
నేను రాసిన. పదహారు.
ఎనిమిది దాటినకాడికెల్లి కోత.

కొమురమ్మ ఒప్పుకోలే.
"ఎండవోస్త" అన్నది.
పట్టా పరిచి పత్తి విప్పి
పొద్దు వాలేదాక చేతులతోని తిరగేసింది.
నేను పోయి రెండు క్లాసులు చెప్పి మళ్ళొచ్చిన.
ఈసారి మీటరు నేనే గుచ్చిన.
పదకొండు.
కాంటా మీద పది క్వింటాళ్ళకు
యాభై కిలోలు లేవు.
ఉంటే ధరల కోత, పోతే తూకంల కోత.
ఏది నయమో ఆమె వేళ్ళ మీద లెక్కేసింది,
మూడో వేలు కాడ ఆగి
పసుపు గీరుకున్నది.

అప్పటికే కొనేటోళ్ళు లేచిపోయిండ్రు.
రేపన్నరు.

మొన్నటి పరీక్షల ఓదెలు రాసింది యాదికొచ్చింది:
"హైడ్రోజన్ బంధం బలహీనమైనది. ఒక్కటే అయితే."
అంతే. ఇంకేం లేదు.
సగమే రాసిండని అర మార్కు ఏసిన.

కుప్ప మీద పట్టా కప్పి
దానికే ఒరిగింది కొమురమ్మ.
ఓదెలు పట్టా అంచుల మీద రాళ్ళు పెడుతున్నడు.
ఒక రాయి జరిపి, మళ్ళ తీసి, ఇంకోతాన పెట్టి.
మంచు పడబట్టింది.
అది ఎట్ల దూరుతదో నేను చెప్పలే.
వానికి తెలిసినట్టే ఉన్నది.