బర్రె బస్సెక్కింది

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల
తుప్పు పట్టిన పానాల కింద దొరికింది.
పది రూపాయలు.
కవరు మీద ఈదయ్య,
గొంగడి కప్పుకొని, నల్లద్దాలు పెట్టుకొని
బర్రె మెడ మీద చెయ్యేసిండు
పెండ్లి ఫోటో దిగినట్టు.
కింద పసుపుపచ్చ అక్షరాలు:
హాస్య జానపదాలు, రెండు సైడ్లా నవ్వులే.
డబ్బా పగిలింది. రీలు తెగలే.

గుజరాతీ గల్లీల పాత టేపురికార్డర్లు
బాగుచేసే బతుకు నాది.
పెన్సిలక్కర లేదు,
చిటికెన వేలుతోనే చుట్టిన.

మొదటి పాట, కండక్టరుకు బర్రెకు లొల్లి.
ఫుల్ టికెట్టా, హాఫ్ టికెట్టా?
బర్రె సూడిదాయె,
ఒకటిన్నర కొట్టిండు కండక్టరు.
రెండోదాంట్ల బావమరిది
చాయల ముంచిన బిస్కట్ కనవడ్తలేదని
ఠాణాకు పోయి రిపోర్టిస్తడు.
నాకు నవ్వు రాలే.
తెలిసిన జోకు తెలిసిన గుంత లెక్క,
పడకముందే కాలు పక్కకు జరుగుతది.

నేను కొన్నది రెండో సైడు నాలుగో పాట కోసం.

చిక్కడపల్లిల మూడో అంతస్తు స్టూడియో,
గోడల నిండ కోడిగుడ్ల అట్టలు.
మా అమ్మ లచ్చవ్వ ఊడ్చేది అక్కడ.
పాట నడుస్తుంటే చీపురు ఒళ్లె పెట్టుకొని
తలుపు కాడ ఊపిరి బిగవట్టి కూసోవాలె.
నవ్వనీకి వేరే మనుషులుండిరి,
కింద హోటల్ల నుంచి ఆరుగురు,
మనిషికి ఐదు రూపాయలు, ఒక చాయ.
ఎర్ర బల్బు వెలిగితే నవ్వాలె
ఆరితే ఆపాలె.

నాలుగోది నవ్వే పాట కాదు.
కరువుల అమ్ముకున్న బర్రె
ఎనిమిది కోసులు నడిచి
నడిరాత్రి మళ్ల వాకిట్లకొచ్చి నిలవడ్తది.
అక్కడ ఈదయ్య గొంతు ఆగుతది.
బల్బు వెలగలే.
హార్మోనియం తిత్తి గాలి పీల్చుకుంటది
అప్పుడు, మైకుకు శానా దూరంగ
ముక్కుల నుంచి తప్పించుకున్న
ఒక ఆడమనిషి నవ్వు.

కోసేద్దామన్నడట రికార్డింగ్ సారు.
"ఆరుగురికి పైసలిచ్చినం,
ఇదొక్కటే పుక్కట్ల వచ్చింది, ఉండనియ్"
అన్నడట ఈదయ్య.

ఎన్నిసార్లు అడిగినా అమ్మ ఒప్పుకోలే.
"నేనెందుకు నవ్వుత? దుమ్ముకు తుమ్మొచ్చింది."
తుమ్మట్లుంటదా అమ్మా అంటే
"మా దిక్కు అట్లనే ఉంటది."
శానేండ్లకు, గాంధీ దవఖానల,
సెలైన్ సుక్కలు లెక్కవెట్టుకుంట
తనంతల తనే అన్నది
"గాని కొన్నోడు, పాపం,
పొద్దుగాల లేచి ఉత్త గుంజను చూసి
మొకం ఎట్ల పెట్టిండో రా."

ఇప్పుడు మిషన్ బెల్టు సాగింది.
అమ్మ నవ్వు మొగోని దగ్గులెక్క వస్తున్నది.
మోటరు స్క్రూ కుడికి తిప్పితే
పెండ్లి కాని పిల్ల,
ఎడమకు తిప్పితే
నేనెన్నడు చూడని ముసలామె.
నడుమ ఎక్కడనో లచ్చవ్వ ఉన్నది.
పక్క షాపు ముర్తుజా తొంగి చూసిండు,
"స్పీడ్ బరాబర్ హై క్యా భాయ్?"
తెల్వదన్న.

స్క్రూ మీద వేలు అట్లనే ఉండంగ
అయిదో పాట మొదలైంది, దోమ పెండ్లి.
ఆరుగురు నవ్విండ్రు.