తడి లెక్క

డులూత్‌లో జనవరి.
కిటికీ అవతల సముద్రమంత సరస్సు
గట్టు దాకా గడ్డకట్టి పడుకుంది.
కిటికీ ఇవతల
నాలుక్కి తడి లేదు.
ఫర్నేసు ఊదే గాలికి
కొయ్య బల్ల నడిరాత్రి టప్పున చిట్లుతుంది.
దుప్పటి లాగితే నీలి మెరుపులు.
మేదిని తలగడ మీద
పొద్దున్నే గోరంత ఎర్రటి మరక.
"మళ్లీ ముక్కు" అంటుంది,
స్కూలు బస్సు వచ్చిందన్నంత మామూలుగా.

కొట్లో దొరికేవి రెండు కొన్నాను.
ఒకటి పొగ కక్కి
సామానంతటి మీదా సున్నపు పొడి చల్లింది.
రెండోదానికి ఆపడం తెలీదు.
ఇక నేనే స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను.

కింది వాటా ఆర్నే,
ముప్పయ్యేళ్లు ఖనిజం మోసే ఓడల్లో ఇంజన్లు చూసినవాడు,
పాత టాయిలెట్ ట్యాంకులోంచి
తేలే బుడ్డి ఒకటి పీకి తెచ్చాడు.
"నీళ్లు ఎప్పుడు చాలో దీనికి తెలుసు.
గాలికి ఎప్పుడు చాలో నువ్వు నేర్పుకో."

ఫ్యాను, తొట్టి,
ఒత్తిలా నీళ్లు పీల్చే మందపాటి గుడ్డ.
ఇంతవరకూ కొత్తేం లేదు,
రోహిణీ కార్తెలో వట్టివేళ్ల తడికల మీద
చెంబుతో నీళ్లు కొట్టినట్టే.
కాకపోతే అక్కడ
తడిక ఆరిందో లేదో తడిమి చూసే చెయ్యి ఒకటుండేది.
నేను చెయ్యాల్సింది ఆ చెయ్యి.

సెన్సర్ మినప బద్దంతే ఉంది.
అది చెప్పే అంకె నిజమో కాదో ఎవర్నడగాలి?
ఉప్పుని అడిగాను.
గాజు సీసాలో తడిపిన ఉప్పు ముద్ద,
పైన సెన్సర్ వేలాడదీసి మూత బిగిస్తే
లోపలి గాలి డెబ్బై అయిదు దగ్గర నిలబడుతుంది,
ఎవరి వంటింట్లోనైనా.
ముసురు పట్టగానే నీరు కారే ఉప్పు
ఇన్నేళ్లూ ఏం చెప్పబోయిందో అప్పుడు విన్నాను.
నా సెన్సర్ డెబ్బై ఒకటి అంది.
నాలుగు కలిపాను.

మొదటి రాత్రి, నలభై అని చెప్పి పడుకున్నాను.
నలభైకి ఆగింది, ముప్పై తొమ్మిదికి లేచింది,
ఆగింది, లేచింది,
తెల్లార్లూ టిక్కు టిక్కు,
అనుమానం మనిషి గొళ్లెం చూసుకున్నట్టు.
దానికి కాస్త ఓర్పు రాశాను:
నలభై రెండు దాకా పో.
ముప్పై ఎనిమిదికి దిగితే గానీ కదలకు.

రెండో రాత్రి బాగా నిద్రపోయింది. మరీ బాగా.
హాలంతా ఎండిపోతుంటే
అది మాత్రం అరవై అంటూ కూర్చుంది.
సెన్సర్ని దాని మూతికే అతికించాను మరి!
తన ఊపిరినే తాను కొలుచుకుని
ఇల్లంతా తడిసిందనుకుంది.
తీగ పొడుగు చేసి
మేదిని గది గోడకి, మంచమంత ఎత్తున కొట్టాను.

ఆ వారం సున్నాకి పాతిక మెట్లు కింద చలి.
కిటికీలు ఏడ్చాయి.
ఏడ్చింది ఏడ్చినట్టే గడ్డకట్టింది.
చట్రం మూలల్లో నల్లటి బూజు చుక్కలు.
ఆర్నే గోటితో మంచు గీకి
"గది నలభై అడుగుతోంది,
గాజు ఇరవై మించి మొయ్యలేదు" అన్నాడు.
అంటే
బయట చలి ముదిరేకొద్దీ
నేను తక్కువ ఇవ్వాలి.
దాహం ఎక్కువైన రోజునే
గ్లాసు సగంలో లాక్కోవాలి.

ఆ ఒక్క లైనుకి మూడు రోజులు పట్టింది.
చేతకాక కాదు.
గాజు సంగతి
పిల్ల ముక్కుకి ఎలా చెప్పను?
చివరికి కిటికీ బయట ఇంకో సెన్సర్ తగిలించి
యంత్రానికి ఆ లైను రాశాను.
మేదిని ముక్కుకి కొబ్బరినూనె రాశాను.

ఫిబ్రవరి.
నాలుగు రోజులుగా తలగడ తెల్లగానే ఉంది.
నాకే ఇంకా మూడింటికి మెలకువ వస్తుంది,
టిక్కు వినపడేదాకా.

ఇవాళ పొద్దున మేదిని
తలుపు పిడి పట్టుకుని, వదిలి,
మేజోళ్లతో తివాచీ మీద గట్టిగా రాసుకుంటూ నడిచొచ్చి
మళ్లీ పట్టుకుని
"మెరుపు రావట్లేదు" అంది,
నేనేదో పాడుచేసినట్టు చూస్తూ.