తేలు కుట్టింది, ఇయ్యాల రాలేదు

మక్తల్ బస్టాండు ఎనుక, జిరాక్సు షాపు మీద
రేకుల గది, నెలకు పన్నెండు వందలు.
గోడ నిండ నేను అంటించుకున్న బిట్లు:
మొదటి రాత యాడ పుట్టింది,
మొదటి నగరం ఏ నది ఒడ్డున,
సున్న లేనోళ్లు లెక్కలెట్ల చేసిన్రు.
గ్రూప్ టూకు ఇది మూడోసారి.

నర్వ నుంచి పొద్దుగాల బస్సుకు
మా తిమ్మవ్వ జొన్నరొట్టెలు తెచ్చింది.
అక్షరం రాదు. చాప మీద కాళ్లు చాపుకొని
"బయటికి సదువు బిడ్డా, ఇంట" అన్నది.

బాబిలోనోళ్లు అరవైతోటి లెక్కగట్టేటోళ్లు,
గంటకు అరవై నిమిషాలు
వాళ్లు మిగిల్చిపోయిందే, అని చదివిన.
అవ్వ బొటనేలు కదిలింది.
చూపుడేలు మీద మూడు గణుపులు, నడిమేలు మీద మూడు,
నాలుగేళ్లకు పన్నెండు.
పన్నెండయినప్పుడల్లా ఎడమచేతిల ఒక వేలు మూసింది.
పిడికిలి బిగుసుకున్నంక
"అరవై" అన్నది.
"కట్ట మీద తట్టలు నేనిట్లనే లెక్కవెడ్తుంటి.
మేస్త్రి లెక్క ఎప్పుడు జూసినా
నా లెక్కకు అయిదు తక్కువొచ్చేది."

ప్రపంచంల దొరికిన మొదటి పేరు
రాజుది గాదట, దేవునిది గాదట.
మట్టిపలక మీద యవల లెక్క రాసుకున్న
కుషిమ్ అనే గుమాస్తాదట.
అది పేరు గాదు, కొలువు అనేటోళ్లూ ఉన్నరు.
"అంటే మేస్త్రి పేరే మిగిలింది.
మోసినోళ్లయి?"
"లేవవ్వా."
"ఆఁ" అని రొట్టెల మూట ఇప్పింది,
ఎల్లిపాయ కారం వాసన గదంత.

ఈజిప్టుల రాజుల గోరీలు తొలిచే కూలోళ్లు
గింజల కూలి గడువు దాటినా రాకుంటె
పనిముట్లు కిందవెట్టి గుడి ఎనుక కూసున్నరు.
రాతల దొరికిన మొదటి సమ్మె ఇదేనంటరు.
అవ్వ నమిలేది ఆపింది.
"సూరత్ అవతల కాల్వ కాడ
మేము గూడ కూసున్నం, మూడు దినాలు.
మీ తాత కుర్మన్న ముందటి వరుసల.
అయితే ఎవలు రాసుకోలే."

గా ఊరి కూలోళ్లదే ఒక హాజరు పట్టీ దొరికింది,
రాతిపెంకు మీద నల్లసిరాతో:
ఫలానోడు రాలేదు, తేలు కుట్టింది.
ఫలానోడు రాలేదు, తల్లిని సాగనంపుతున్నడు.
ఇంకొకడు రాలేదు, కల్లు కాస్తున్నడు.
అవ్వ పొలమారేదాంక నవ్వింది.
"మన ఆశన్న లెక్కనే ఉన్నడు గదరా వాడు!"
నవ్వు తగ్గినంక చీర అంచు జరిపి
మడిమ మీద సల్లబడ్డ మచ్చ సూపింది.
"నన్నూ కుట్టింది. మంత్రం ఏసిన్రు.
సగం కూలి కోసిన్రు.
వాళ్లకు కోసిన్రా? అది రాసిండా పుస్తకంల?"
పేజీ తిప్పిన. ఇండస్ లిపి వచ్చింది.
ఇంతవరకు ఎవరు చదవలేకపోయిన్రు.

మర్నాడు డిసెంబరు ఇరవై ఒకటి.
ఆటోల ముడుమాల పోయినం.
కృష్ణ దిక్కుకెల్లి సలిగాలి,
చేన్ల నడుమ నిలువురాళ్లు,
ఒకదానికి ఎవరిదో మేకపిల్ల కట్టేసి ఉన్నది.
మూడువేల ఏండ్లు దాటినయంటరు,
పొద్దు దక్షిణానికి ఒరిగినప్పుడు
వరుస ఒక్క గీత మీదికొస్తదంటరు,
ఒక బండ మీద ఏడు చుక్కలు చెక్కి ఉన్నయంటరు.
నేను చుక్కలు ఎతుకుతున్న.

అవ్వ ఒక రాయికి వీపు ఆనిచ్చి
ఎత్తు కొలిచి, అడుగు తవ్వి చూసినట్టు చూసింది.
"ఇరవై మందన్న వట్టాలె.
తాడు తెగితె ఇద్దరు వోతరు.
పొద్దుగూకినంక అంబలన్న పోసిన్రో లేదో."
రాతిని చేత్తోటి తట్టింది,
బర్రె వీపు తట్టినట్టు.

పోయేటప్పుడు బొటనేలు మల్ల గణుపుల మీద పడ్డది.
చెలక గట్టెంబడి నడుచుకుంట
రాళ్లన్ని లెక్కవెట్టింది,
కిందపడ్డయి, పొదలల్ల దాగినయి గూడ.
బోర్డు మీద ఒక అంకె రాసి ఉన్నది.
అవ్వ లెక్క దానికి అయిదు ఎక్కువొచ్చింది.

ఆటో ఆయన హారన్ కొడ్తున్నడు.
"మల్లొకసారి చూద్దాం పా" అన్నది.
నీడలు అప్పటికే మా కాళ్లు దాటి
జొన్నచేన్లకు పోయినయి.